స్విచ్ వేసిన రోజుకి ముందు

1955లో రోనాల్డ్ మాలెట్ అనే పదేళ్ళ పిల్లాడి తండ్రి గుండెపోటుతో పోయాడు. న్యూయార్క్ బ్రాంక్స్‌లో టీవీలు బాగుచేసేవాడు, వయసు 33. మరుసటి ఏడాది పిల్లాడికి హెచ్.జి. వెల్స్ ‘టైమ్ మెషీన్’ బొమ్మల పుస్తకం దొరికింది. అట్ట మీది బొమ్మ చూసి, ఇంట్లో పడున్న పాత సామానుతో అలాంటిదే ఒకటి తయారుచేశాడు. పని చెయ్యలేదు, చేస్తుందా మరి!

కానీ వదల్లేదు. ఫిజిక్స్ చదివి కనెక్టికట్ యూనివర్సిటీలో ప్రొఫెసర్ అయ్యాడు. అసలు కోరిక బయటపెడితే పిచ్చివాడంటారని, బ్లాక్ హోల్స్ మీద పని చేస్తున్నానని చెప్పుకుంటూ వచ్చాడు. చుట్టూ తిరిగే లేజర్ కాంతి స్థలాన్నీ కాలాన్నీ మెలితిప్పగలదని 2000లో, 2003లో పేపర్లు రాశాడు. కెన్ ఓలమ్, అలెన్ ఎవరెట్ అనే ఇద్దరు లెక్క కట్టి, అలా కాలంలో వెనక్కి వెళ్ళే దారి పడాలంటే ఆ పరికరం మనకి కనిపించే విశ్వం కంటే పెద్దదవ్వాలన్నారు. ఇక ఇంట్లో ఏం పడుతుంది?

ముందుకి వెళ్ళడం మాత్రం నిజంగానే అవుతుంది. 1971లో హాఫెలీ, కీటింగ్ అణుగడియారాల్ని మామూలు విమానాల్లో భూమి చుట్టూ తిప్పారు. తూర్పుకి వెళ్ళినవి 59 నానోసెకన్లు వెనకబడ్డాయి, పడమటికి వెళ్ళినవి 273 ముందుకెళ్ళాయి. అయితే దాని కోసం ఎవరూ రాత్రుళ్ళు మేలుకోరు. పోయినవాళ్ళు అటువైపు లేరు కదా.

ఇంకో చిక్కుంది. మాలెట్ మెషీన్ పనిచేసినా, దాన్ని మొదటిసారి ఆన్ చేసిన రోజు కంటే వెనక్కి వెళ్ళలేం. ఊళ్ళో మొదటి ఫోన్ పెట్టించుకున్నవాడు ఫోన్ లేని ఇంటికి ఎలా చేస్తాడు? ఇదీ అంతే. 1955లో అందుకునే యంత్రం లేదు. ఈ సంగతి మాలెటే చెప్పాడు. ‘ఒకే ఒక జీవితం’ సినిమాలో శర్వానంద్‌కి, అమ్మ కోసం వెనక్కి వెళ్ళేటప్పుడు, ఈ అడ్డు లేదు.

సరే, మాలెట్‌కీ అడ్డు లేదనుకుందాం. వెళ్ళి తండ్రిని కాపాడితే ఆ పిల్లాడికి మెషీన్ అవసరమే ఉండదు. ఈ తర్కం పాతదే, నన్ను అంతగా బాధించదు. బాధించేది, ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళ సంగతి. ఆయన్ని పెళ్ళి చేసుకున్నవాళ్ళ సంగతి. వాళ్ళ ఏళ్ళు కూడా చెరిగిపోతాయి, వాళ్ళనెవరూ అడగరు. ఆ హక్కు ఏ దుఃఖానికీ లేదనే నేనంటాను. పదేళ్ళ పిల్లాడి ఎదురుగా నిలబడి అనమంటే మాత్రం నోరు రాదు.

అడ్డు ఉంది కాబట్టి ఆయన ఆ పని చెయ్యలేడు. కానీ ఏదో రోజు స్విచ్ వేస్తే, ఆ తర్వాత నాన్నల్ని పోగొట్టుకోబోయే పిల్లలకి తలుపు తీసినట్టే. అప్పుడు చెరిగేది మనం బతికిన ఏళ్ళే. మాలెట్ స్విచ్ వెయ్యాలా?