ఏబది ప్రతుల పావురము

గీతాచార్యుడు పదునేడవ అధ్యాయమున దానమును మూడు తెఱగులుగా విభజించి, ప్రత్యుపకారమును కోరి ఇచ్చునది రాజసమని నిర్ణయించెను. శాంతి సంస్థల సహాయార్థమై ఒక చిత్రమును పరిమిత సంఖ్యలో ముద్రించి, ప్రతి కాగితముపై అంకె వేసి, చిత్రకారుని సంతకముతో విక్రయించు ఆచారము లోకమున కలదు. కొన్నవాడు ధనమిచ్చును, చిత్రమును ఇంటికి గొనిపోవును. ఇది దానమా, క్రయమా?

ఈ విచారమునకు ఒక పావురము వృత్తాంతము ఉపకరించును. 1949 జనవరిలో పికాసో అను చిత్రకారుడు పారిస్ నగరమున మూర్లో ముద్రణశాల కొరకు నల్లని నేపథ్యముపై తెల్లని పావురమును లితోగ్రాఫుగా రచించెను. జిడ్డుకును నీటికిని పొసగదను చిన్న ధర్మముపై ఆ విద్య యంతయు నిలిచియున్నది. జిడ్డు గీసిన చోటనే సిరా పట్టును, తడిసిన చోట పట్టదు. అంకెలు వేసి తీసిన ప్రతులు ఏబది. చిత్రకారుని కొరకు మరి అయిదు. అది సభ కొరకు గీసినది కాదు. కాని ఆ ఏప్రిల్‌లో పారిస్‌లో జరిగిన ప్రపంచ శాంతి మహాసభకు లూయీ ఆరగాన్ అను కవి ఆ బొమ్మనే ఎన్నుకొనగా, పావురము గోడపత్రికలపైకి ఎక్కెను. సభ ప్రారంభమునకు ముందునాడు పుట్టిన కుమార్తెకు పికాసో పలోమా, అనగా పావురము, అని పేరిడెను. ఆ సభ వెనుక రాజకీయములును లేకపోలేదు. ఆయన 1944లోనే ఫ్రెంచి కమ్యూనిస్టు పార్టీలో చేరెను. అది వేఱు ప్రసంగము.

బొమ్మ ఒక్కటే. గోడపై నున్నది దారిన పోవు వారందఱిది. వానకు తడిసి చినిగిపోవును. అంకె గలది పెట్టెలో భద్రము. ధనము తెచ్చునది ఈ రెండవదియే. ఏల? ఏబది యనిన ఏబదియే యను మాట దాని వెనుక నున్నది. ఏబదియొకటవ దానిని చాటున ముద్రించినచో కొన్న వారందఱును మోసపోవుదురు. సత్కార్యమునకే వినియోగించితిమనినను ఆ ధనము చౌర్యమే. కనుక సంఖ్యను నియమించుట లోభము కాదు, సత్యమునకు కట్టుబడుట.

ఇక కొనువాని మాట. ధర పెరిగిన పిదప అమ్ముదమని కొన్నవాడు వర్తకుడు. వర్తకము పాపము కాదు, కాని దానిని దానమని చెప్పుకొనరాదు. సంస్థకు అందిన ధనము మాత్రము ఎవరి మనస్సు ఎట్లున్నను ఆర్తులకు అన్నమగును, ఔషధమగును. దాత చిత్తశుద్ధి దాతకు సంబంధించినది. ఆకలిగొన్నవాడు దానిని విచారింపడు. దేవాలయ సోపానములపై పేరు చెక్కించుకొను వారికిని ఈ న్యాయమే వర్తించును; వారి మెట్లపై భక్తులు సుఖముగనే ఎక్కుచున్నారు.

అయినను కొన్నవాడు తన్ను తాను ప్రశ్నించుకొనవచ్చును. ఇంటికి తెచ్చుచుండగా దారిలో వాన కురిసి ఆ కాగితము పాడైనచో, ఇచ్చిన ధనమునకు చింతించునా?