పర్లాకిమిడిలో గిడుగు, పరదేశంలో మనం

మన సంఘాల వార్షిక సంచికలు తిరగేస్తే సొంత ఊళ్లకి చేసిన సాయం వివరాలు తప్పకుండా కనిపిస్తాయి. టెక్కలి దగ్గర ఒక బడికి బల్లలు, ఆమదాలవలస వైపు ఒక ఊరికి మంచినీళ్ల ప్లాంటు, బొబ్బిలి పక్కన ఒక గుడికి ప్రహరీ. ఆ పేజీలు చూస్తే నాకు సంతోషంగా ఉంటుంది. పుట్టిన నేలని మరవని మనుషులు మనవాళ్లు. కానీ మనం ఇల్లు కొనుక్కుని ఏళ్ల తరబడి ఉంటున్న ఊరికి, మన పిల్లలు చదువుకునే బడికి, పక్క వీధిలో ఒంటరిగా ఉండే ముసలమ్మకి మనం ఏం చేశామో చెప్పే పేజీ మాత్రం అరుదు. ఈసారి దాని గురించి రాయమని అడిగితే వెంటనే ఒప్పుకున్నాను.

మనది వలసల నేల. కళింగపట్నం, భీమిలి రేవుల్లో ఓడలెక్కి రంగూన్ వెళ్లిన తరాలున్నాయి. బెంగాల్ నాగపూర్ రైల్వే పుణ్యమా అని ఖరగ్‌పూర్‌లో స్థిరపడిన కుటుంబాలున్నాయి. మత్స్యలేశం లాంటి ఊళ్ల నుంచి ఇవాళ్టికీ చేపల వేట కోసం గుజరాత్‌లోని వెరావల్ దాకా పోతున్నారు. 2018 నవంబరులో అలా వెళ్లి పాకిస్తాన్ చేతికి చిక్కిన మన జాలర్లు 2020 జనవరిలో గాని వాఘా దాటి రాలేదు. బతుకుతెరువు కోసం వెళ్లినవాడు వెళ్లినచోట కూలి పుచ్చుకుని ఊరుకోవాలా, ఆ ఊరి మనిషి కూడా కావాలా? ఇది మన తాతల నాటి ప్రశ్న. దానికి నాకు దొరికిన మంచి జవాబు గిడుగు వెంకట రామమూర్తి గారి జీవితంలో ఉంది.

గిడుగు అనగానే వాడుక భాష గుర్తొస్తుంది. ఆయన పుట్టిన ఆగస్టు 29నే తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటాం. అయితే ఆ ఉద్యమానికి చాలా ముందే ఆయన మరో పని మొదలుపెట్టారు. శ్రీముఖలింగం దగ్గర, వంశధార ఒడ్డున ఉన్న పర్వతాలపేటలో 1863లో పుట్టారు. చిన్నతనంలోనే తండ్రి పోయారు. విశాఖపట్నంలో బంధువుల ఇంట ఉండి మెట్రిక్యులేషన్ పూర్తి చేసి, 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో మాస్టారుగా చేరారు. అప్పటికి ఆయనకి పదిహేడేళ్లు. సంసారం నడవాలి కాబట్టి ఉద్యోగం దొరికిన ఊరికి వెళ్లారు. మనమూ అలా వచ్చినవాళ్లమే.

పర్లాకిమిడి చుట్టూ కొండలు, ఆ కొండల్లో సవరలు. బడి, జీతం, ఇల్లు చూసుకుని కాలం గడిపేసినా ఆయన్ని ఎవరూ తప్పుపట్టేవారు కారు. కానీ పక్కనే ఉన్న మనుషులకి చదువు అందడం లేదని, బడి మాట్లాడే భాష వాళ్ల భాష కాదని ఆయనకి పట్టింది. వెంటనే చందాలు పోగుచేసి పంచిపెట్టలేదు. తెలుగు తెలిసిన ఒక సవరని ఇంట్లో పెట్టుకుని ముందు వాళ్ల భాష నేర్చుకున్నారు. కాలినడకన కొండల్లో తిరిగారు. ఆ తిరుగుడులో మలేరియా పట్టుకుంది. దానికి వాడిన క్వినైన్ వల్ల వచ్చిన చెవుడు జీవితాంతం పోలేదు. ఒక భాషని చెవులతో పట్టుకోవాలనుకున్న మనిషికి ఆ నష్టం ఎంత పెద్దదో ఊహించండి. అయినా ఆపలేదు. సవర భాషలో వాచకాలు రాశారు. సొంత డబ్బుతో బడులు పెట్టి, పంతుళ్ల జీతాలు తానే ఇచ్చారు. మద్రాసు ప్రభుత్వం మెచ్చుకుని పారితోషికం ఇవ్వబోతే తనకి వద్దన్నారు, ఆ డబ్బుతో సవరల కోసం మంచి బడి పెట్టమన్నారు. సవర భాషా వ్యాకరణం 1931లో, సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లో అచ్చయ్యాయి. కుర్రతనంలో ఎత్తుకున్న పని డెబ్బై అయిదేళ్ల వయసుకీ దించలేదు.

ఈ కథలో నన్ను బాగా తాకేది త్యాగం కాదు, వరస. ఉద్యోగం తనని ఏ ఊళ్లో పడేస్తే ఆ ఊళ్లోనే చుట్టూ చూశారు. సాయం చేయబోయే ముందు నేర్చుకున్నారు. ఆ తర్వాతే ఇచ్చారు, ఇచ్చాక వదిలిపెట్టలేదు. పరదేశంలో సేవ చేయాలనుకునే మనం సాధారణంగా ఈ వరసని తిరగేస్తాం. ముందు బ్యానరు, తర్వాత విరాళం, ఆ పైన ఫొటో. ఆ ఊరివాళ్లకి ఏం కావాలో తెలుసుకునే దాకా మనం వెళ్లం.

మరి తెలుసుకోవడం ఎక్కడ మొదలుపెట్టాలి? నన్ను అడిగితే ఊరి గ్రంథాలయం అంటాను. అమెరికాలోనైనా, బ్రిటన్‌లోనైనా లైబ్రరీ గుమ్మం పక్క నోటీసు బోర్డు ఒక్కటి ఓపిగ్గా చదివితే ఆ ఊరి అవసరాలు సగం తెలిసిపోతాయి. చాలా లైబ్రరీల్లో కొత్తగా వచ్చినవాళ్ల కోసం ఇంగ్లీషు సంభాషణ తరగతులు నడుస్తాయి. నడిపేవాళ్లకి ఎప్పుడూ మనుషులు చాలరు. అక్కడికి వచ్చేవాళ్లలో వియత్నాం అమ్మలుంటారు, సిరియా నుంచి వచ్చిన నాన్నలుంటారు, మెక్సికో కూలీలుంటారు. ఇంగ్లీషు కష్టపడి నేర్చుకున్న మనకి, పుట్టుకతో ఆ భాష వచ్చినవాళ్ల కంటే వాళ్ల తడబాటు ఎక్కువ అర్థమవుతుంది. తెలుగు మీడియంలో చదివి వచ్చిన శ్రీకాకుళం మనిషికి ఇంతకన్నా సరిపోయే పని ఇంకొకటి లేదని నా గట్టి నమ్మకం.

అమెరికాలో, కెనడాలో 211 నంబరుకి ఫోన్ చేస్తే ఆ ప్రాంతంలో పనిచేసే సేవా సంస్థల వివరాలు చెబుతారు. సాయం కావాల్సినవాళ్ల కోసం పెట్టిన నంబరు అది. ఎక్కువమంది ఏ సాయం కోసం ఫోన్ చేస్తున్నారో అడిగితే, మన చేతులు ఎక్కడ అవసరమో కూడా తెలుస్తుంది. ఫుడ్ బ్యాంకుల సంగతి మీకు తెలిసిందే. 1967లో అరిజోనాలోని ఫీనిక్స్‌లో మొదలైన ఆ పద్ధతి ఇప్పుడు దేశమంతా ఉంది. వృద్ధుల ఇళ్లకి వేడి భోజనం చేరవేసే మీల్స్ ఆన్ వీల్స్‌కి మధ్యాహ్నం పూట కారు నడిపేవాళ్లు కావాలి. చాలామంది ముసలివాళ్లకి ఆ రోజు మొత్తం మీద గుమ్మంలో కనిపించే మనిషి ఆ అన్నం తెచ్చినవాడే. లెక్కలు తెలిసినవాళ్లకి, మనలో వాళ్లకి కొదవ లేదు, ఇంకో దారి ఉంది. అమెరికా ఆదాయపన్ను శాఖ ఆధ్వర్యంలో తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకి ఉచితంగా పన్ను పత్రాలు నింపిపెట్టే వీటా అనే కార్యక్రమం నడుస్తుంది. శిక్షణ ఇచ్చి, పరీక్ష పెట్టి, పాసైనవాళ్లని కూర్చోబెడతారు. జనవరి చివర నుంచి ఏప్రిల్ దాకా పని.

తిత్లీ తుపాను చూసినవాళ్లకి మరొకటి చెప్పాలి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర అది తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడి చెట్లు తోటలకి తోటలే కూలిపోయాయి. కరెంటు లేదు, దారి లేదు. బయట నుంచి బళ్లు రావాలన్నా ముందు ఆ చెట్లు నరికి దారి తియ్యాలి, గొడ్డళ్లు పట్టుకుని దిగినవాళ్లు ఊళ్లోవాళ్లే. ఏ దేశంలోనైనా మొదటి గంటల్లో ఆదుకునేది పొరుగువాడే. ఈ ఆలోచన మీదే 1985లో లాస్ ఏంజెలెస్ అగ్నిమాపక శాఖ మామూలు జనానికి శిక్షణ ఇవ్వడం మొదలుపెట్టింది. గ్యాసు కట్టెయ్యడం, చిన్న మంటలార్పడం, గాయానికి కట్టు కట్టడం, కూలిన ఇంట్లో మనుషుల్ని వెతకడం నేర్పుతారు. సెర్ట్ అనే పేరుతో ఇప్పుడది అమెరికాలో ఎన్నో ఊళ్లలో ఉచితంగా దొరుకుతుంది. తుపానంటే ఏమిటో ఒంటికి తెలిసిన మనవాళ్లు ఆ తరగతుల్లో ముందు వరసలో ఉండాలి.

కొన్ని చిక్కులున్నాయి, దాచను. పిల్లలతోనో వృద్ధులతోనో పని అంటే వేలిముద్రలు, పాత చరిత్ర తనిఖీ అడుగుతారు. బ్రిటన్‌లో దాన్ని డీబీఎస్ అంటారు, ఆస్ట్రేలియాలో పిల్లలతో పనికి విడిగా అనుమతి ఉంటుంది. మనల్ని అనుమానించారని చిన్నబుచ్చుకోవద్దు, అందరికీ అదే. వీసా మీద ఉన్నవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. మామూలుగా జీతం ఇచ్చి చేయించే పనిని ఉచితంగా చేస్తే, లేదా లాభాపేక్ష ఉన్న కంపెనీకి చాకిరీ చేస్తే అమెరికాలో అది ఉద్యోగం కింద లెక్కకి రావచ్చు. ధార్మిక సంస్థలో, ఎప్పుడూ స్వచ్ఛందంగానే జరిగే పని అయితే సాధారణంగా ఇబ్బంది ఉండదు. అనుమానం ఉంటే వకీలుని అడిగాకే దిగండి.

ఇక నాకు కాస్త కోపం తెప్పించే సంగతి. సంఘం తరఫున నలభైమంది ఒకే రంగు టీషర్టులు వేసుకుని ఒక శనివారం ఫుడ్ బ్యాంకుకి వెళ్తారు. అక్కడివాళ్లు మర్యాదగా పని చూపిస్తారు. మళ్లీ ఏడాది దాకా ఒక్కరూ కనిపించరు. ఉభాలప్పుడు ఒకరోజు సరదాగా మడిలో దిగి గట్టెక్కినవాడిని రైతు లెక్కలో వేసుకోడు. నలభైమంది ఒకరోజు వెళ్లే బదులు నలుగురు ప్రతి పదిహేను రోజులకీ వెళ్తే ఆ సంస్థ వాళ్లని నమ్ముకుని పని ఏర్పాటు చేసుకుంటుంది. మంచి పనిని నిలబెట్టేది ఆ నమ్మకమే.

పిల్లల విషయంలో మన ఇళ్లలో సేవా గంటల గొడవ ఎక్కువ. కాలేజీ దరఖాస్తులో చూపించడానికి ఇన్ని గంటలు కావాలంటారు, పిల్లవాడిని దింపేసి కారులో ఫోన్ చూసుకుంటూ కూర్చుంటారు. పిల్లవాడు గంటల కోసం వచ్చినా తప్పులేదు, చాలామందిలో ఇష్టం అలాగే మొదలవుతుంది. కానీ ఏ గంటలూ లెక్కపెట్టుకోని అమ్మో నాన్నో పక్కనే నిలబడి బంగాళదుంపలు సంచుల్లో వేస్తుంటే వాడికి అందే చదువు వేరు.

ఇదంతా చెప్పి సొంతూరిని వదిలేయమనడం లేదు. సెలవులకి వెళ్లినప్పుడు అక్కడా చేతులు కావాలి. శ్రీకాకుళం రెడ్ క్రాస్ రక్తనిధికి కాలేజీలు మూసే వేసవిలో దాతలు తగ్గుతారు. పద్ధెనిమిది నుంచి అరవై అయిదేళ్ల లోపు, నలభై అయిదు కిలోలకి తగ్గని ఆరోగ్యవంతులు ఇవ్వవచ్చు. తిరిగి వచ్చాక మలేరియా నిబంధన వల్ల అమెరికాలో మూడు నెలలు రక్తం తీసుకోకపోవచ్చు కాబట్టి, అక్కడుండగానే ఇచ్చేసి రావడం మేలు. జనవరి నుంచి ఏప్రిల్ దాకా మన తీరంలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి. అటవీ శాఖవాళ్లతో కలిసి మత్స్యకార యువకులు రాత్రిళ్లు తీరం వెంట నడిచి, కుక్కలూ నక్కలూ తవ్వకముందే ఆ గుడ్లు తీసి సంరక్షణ కేంద్రాలకి చేరుస్తారు. తేలినీలాపురంలో పెలికాన్లని, ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచిలో నత్తగుల్ల కొంగలని ఊరివాళ్లే కాపాడుకుంటూ వస్తున్నారు. పిల్లల్ని అక్కడికి తీసుకెళ్లండి, ఆ ఊరివాళ్లతో మాట్లాడించండి.

ఉద్దానం సంగతి మనసుకి కష్టమైనది. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, పలాస, వజ్రపుకొత్తూరు, మందస మండలాల్లో కిడ్నీ జబ్బు ఇంటింటికీ తెలుసు. ఎందుకొస్తోందో శాస్త్రవేత్తలు ఇంకా తేల్చలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. హిరమండలం జలాశయం నుంచి మంచినీటి పథకమూ వచ్చింది. యంత్రాలు డబ్బుతో వస్తాయి. కానీ వారానికి రెండు మూడుసార్లు, ప్రతిసారీ నాలుగేసి గంటలు డయాలిసిస్ మీద పడుకునే మనిషిని తీసుకెళ్లి తీసుకురావడానికి ఇంట్లో ఇంకొకరు కూలి మానుకోవాలి. ఆటో పెట్టి, తోడుగా కూర్చునే మనిషి దొరికితే ఆ ఇంట్లో ఒక కూలి మిగులుతుంది. చందా పంపేవాళ్లు మరో యంత్రం కొనే ముందు ఈ తోడు ఖర్చు గురించి ఆసుపత్రిలో అడగండి, ఆ ఇళ్లవాళ్లనీ అడగండి.

ఒక మాట మన అమ్మానాన్నల గురించి. ఆరు నెలలకని వస్తారు. జీవితమంతా మట్టిలో పనిచేసిన మనిషి కిటికీ దగ్గర కూర్చుని మనం ఆఫీసు నుంచి ఎప్పుడొస్తామా అని ఎదురుచూస్తాడు. చాలా ఊళ్లలో అందరూ కలిసి పండించుకునే తోటలుంటాయి, ఇంటికింత అని మళ్లు పంచుతారు, కొన్నిచోట్ల పండిన కూరలు ఫుడ్ బ్యాంకుకి ఇస్తారు. ఆనపపాదుకి పందిరి ఎలా వెయ్యాలో, బెండ ఎప్పుడు నాటాలో తెలిసిన పెద్దమనిషికి అక్కడ భాష అడ్డురాదు. నాన్నకి తోడుగా మొదటి రెండు వారాలు మీరూ వెళ్లండి. అవతలివాళ్లు తెల్లారేసరికి ఆయన కోసం ఎదురుచూడడం మొదలుపెడతారు. మళ్లు ఎక్కువచోట్ల ఫిబ్రవరి, మార్చి నెలల్లోనే పంచేస్తారు కాబట్టి, వేసవికి పెద్దవాళ్లని రమ్మని టికెట్లు తీసే రోజునే తోట చూసుకునేవాళ్లకి కూడా ఒక మెయిల్ పెట్టేయండి.