కళాభ్యాసము - కాయకదృష్టి

కళాభ్యాసమునకు పూనుకొన్న యువతీయువకులను పెద్దలు మొదట అడుగు ప్రశ్న, "దీనివలన ఎంత వచ్చును?" అన్నది. దీనిని తేలికగా త్రోసివేయరాదు. ఇల్లు గడువవలయును గదా! అయితే ఇందులో మరియొక ప్రశ్న దాగియున్నది. ముగిసిన వస్తువునకే విలువ కలదా, దానిని చేయుచున్న కాలమునకు కూడ కలదా?

శ్రీకాళహస్తి కలంకారీని చూడుడు. ముతక నూలుగుడ్డను కరక్కాయపొడి కలిపిన గేదెపాలలో తడిపి ఎండవేయుదురు. చింతబొగ్గుతో రూపురేఖలు గీయుదురు. ఇనుపతుక్కు, బెల్లము నీటిలో వేసి దినముల తరబడి పులియబెట్టిన ద్రవముతో ఆ గీతలను నల్లగా దిద్దుదురు. కలమన్నది వెదురుపుల్లయే, మొనదేల్చి, ఉన్నియో గుడ్డయో చుట్టి దారముతో కట్టినది. వ్రేళ్ళతో ఎంత నొక్కిన అంత ద్రవము దిగును. ఒత్తిడి ఒక్కింత మించిన గీత ముద్దయగును. ఆ మరక మరల పోదు.

ఎరుపు సంగతి మరింత విచిత్రము. ఎర్రగా ఉండవలసినచోట మొదట పూయునది పటికనీరు. అది దాదాపు రంగులేనిది. గుడ్డను ఉతికి, మంజిష్ఠవంటి వేళ్ళతో కాచిన పిమ్మటగాని ఎరుపు తేలదు. అనగా అభ్యాసి తన పని ఫలితమును చూడకయే పనిచేయుచుండవలెను. పటిక సమముగా పూసినదియు లేనిదియు కాగు దించిన తరువాతనే తెలియును.

1957లో అచ్చట శిక్షణకేంద్రము నెలకొల్పబడి, క్షీణించుచున్న ఈ విద్యకు మరల ఊపిరి పోసినది. నేడు అవే బొమ్మలు తెరముద్రణలో కూడ వచ్చుచున్నవి. దూరమునుండి చూచిన రెండును ఒక్కటే. వస్తువునకే విలువ యన్నచో భేదము చెప్పుట కష్టము. కాని భేదము లేదన్న మనస్సు ఒప్పుకొనదు. ఎందువలన?

12వ శతాబ్దమున కళ్యాణములో ఆయ్దక్కి మారయ్య చిందిన బియ్యము ఏరుకొనుటయే కాయకముగా జీవించెను. ఒకనాడు నిత్యముకంటె అధికముగా తెచ్చెను. భార్య లక్కమ్మ ఆ అధికమును తిరిగి అచ్చటనే పోసి రమ్మనెను. బియ్యమున దోషము లేదు. అదే గింజ, అదే రుచి. తెచ్చిన తీరులో ఆశ చొరబడినది. ఆమె చూచినది చేటలోని గింజను గాదు, ఏరిన చేతిని. మన ప్రశ్నకు సమాధానము ఇచ్చటనే యున్నదని నా అభిప్రాయము.

ఈ మాటను వక్రముగా వాడుకొనువారును కలరు. సాధనయే సర్వస్వమని చెప్పుకొని సగము గీసిన గుడ్డను మూలబెట్టు అభ్యాసి ఒకడు. వానికి కాగే బుద్ధి చెప్పును. అంతకంటె కష్టము కలిగించువాడు కొనువాడు. "నీకు పనియే ఆనందము గదా" అని కూలి తగ్గించును! కాయకమును పొగడి కూలి ఎగవేయుట శరణులమార్గము కాదు. లక్కమ్మ తిప్పిపంపినది అధికమునే గాని నాటి గ్రాసమును గాదు.

మఠములలోను గృహములలోను చిత్రపటములు కొనునపుడు ధర మాత్రమే గాక, ఎవరు గీసిరి, ఎన్ని మారులు ఉతికిరి అని కూడ అడుగవచ్చును. నేర్చుకొనుచున్నవారు గీసిన చిన్న పటమును, అంచు కొంచెము వంకరపోయినను, న్యాయమైన వెలకు తీసికొనవచ్చును. ఆ వంకర ఎచ్చట పుట్టినదో అడిగినచో వారే చూపుదురు.