మిద్దె తోటలో హింస ఎంత?

మిద్దె మీద తొట్లలో రసాయన మందులు లేకుండా కూరగాయలు పండించడాన్ని అహింసా సేద్యం అనడం పరిపాటి. ఆ మాట సగమే నిజం. రసాయనం మానేసినంత మాత్రాన పురుగు రావడం మానదు. బెండ ఆకు అడుగున పేనుబంక, మందారం కొమ్మకు పిండినల్లి, కాకర పిందెలో పండు ఈగ పిల్లలు చేరతాయి. కాయ చేతికి రావాలంటే వీటిలో కొన్ని చావక తప్పదు. ఆ చావు ఏ లెక్కలోకి వస్తుందన్నదే ప్రశ్న.

ప్రశ్న పాతదే. ఇనుప మొన ఉన్న నాగలి భూమినీ భూమిలోని ప్రాణులనూ గాయపరుస్తుందని మనుస్మృతి పదో అధ్యాయం సేద్యాన్ని తప్పుపట్టింది. భారతం అరణ్యపర్వంలో మాంసం అమ్ముకునే ధర్మవ్యాధుడు తనను చూడవచ్చిన కౌశికుడికి ఇదే గుర్తుచేస్తాడు: దున్నేవాడి చేతిలోనూ లెక్కలేనన్ని ప్రాణులు పోతాయి. బౌద్ధ వినయం భిక్షువు నేల తవ్వకూడదనీ, మొక్కను తుంచకూడదనీ నిషేధించింది. మిద్దె మీద నాగలి లేదు, బొరిగ ఉంది, అంతే తేడా.

ఈ విషయంలో అందరికంటే లోతుకు వెళ్లినవారు జైనులు. వారు హింసను నాలుగు రకాలుగా విడదీశారు. కావాలని చేసేది సంకల్పీ, ఇంటి పనుల్లో జరిగేది ఆరంభీ, జీవనోపాధిలో జరిగేది ఉద్యోగీ, ఆత్మరక్షణలో జరిగేది విరోధీ. గృహస్థు మొదటిదాన్ని పూర్తిగా వదలాలి, మిగతా మూటినీ వీలైనంత తగ్గించుకోవాలి. మట్టి గుల్ల చేస్తుంటే వానపాము తెగితే అది ఆరంభీ; తెంచాలన్న ఉద్దేశం అక్కడ లేదు. కషాయం పిచికారీ సంగతి అలా కాదు. పురుగు పోవాలన్నదే అక్కడి ఉద్దేశం. పంటను కాపాడుకోవడం కాబట్టి విరోధీ అని వాదించవచ్చు. కానీ బెండను తెచ్చి మిద్దెక్కించినది మనిషి, పేనుబంక తన తిండి ఉన్నచోటికి వచ్చింది. దాన్ని దండెత్తి వచ్చిన శత్రువు అనడం కష్టం.

మందుల పేర్లు మాత్రం నిజం దాచవు. సుభాష్ పాలేకర్ ప్రచారం చేసిన ప్రకృతి సేద్యంలో పురుగు మందులు నీమాస్త్రం, అగ్నాస్త్రం, బ్రహ్మాస్త్రం. అన్నీ యుద్ధం పేర్లే. అగ్నాస్త్రంలో ఆవు మూత్రం, వేపాకు, పచ్చిమిర్చి, వెల్లుల్లితో పాటు పొగాకు ఉడుకుతుంది. పొగాకులోని నికోటిన్ విషమే, చెట్టు నుంచి వచ్చినా. వేపలోని అజాడిరక్టిన్ పురుగును వెంటనే చంపదు. తిండి మీద వెగటు పుట్టిస్తుంది, కుబుసం విడవనివ్వదు. పురుగు నెమ్మదిగా చస్తుంది. నెమ్మదిగా చంపడం మెత్తని హింస అవుతుందా? పురుగు వైపు నుంచి చూస్తే కాకపోవచ్చు.

ఇక ట్రైకోగ్రామా అనే కీటకం గుడ్లు అంటించి మొక్కలకు కట్టే కార్డులు. ఈ చిన్న పరాన్నజీవి చిమ్మెట గుడ్లలో తన గుడ్లు పెట్టి వాటిని లోపలే తినేయిస్తుంది. చంపేది అది, కార్డు కట్టేది మనిషి. పతంజలి యోగసూత్రాలు హింసను తాను చేసినది, చేయించినది, ఆమోదించినది అని మూడుగా చెబుతాయి, మూటినీ దోషంగానే లెక్కిస్తాయి. ఆ లెక్కన బజారులో కూర కొనేవాడూ బయటపడడు. తోట పెట్టనంత మాత్రాన చేతులు శుభ్రం కావు. చంపే చోటు కంటికి దూరమవుతుంది, అంతే.

ఇల్లు నడిపేవాడికి హింస తప్పదని మనుస్మృతే ఒప్పుకుంది. పొయ్యి, సన్నికల్లు, చీపురు, రోలు, నీళ్ల కుండ అనే ఐదింటినీ పంచసూనాలంది. సూన అంటే వధ జరిగే చోటు. దీనికి విడుగడగా ఐదు యజ్ఞాలు విధించింది. వాటిలో భూతయజ్ఞం, అంటే ఇతర ప్రాణులకు వాటా తీసిపెట్టడం, తోటకు సరిగ్గా సరిపోతుంది. కరివేపాకు మీద పక్షి రెట్టలా కనబడే గొంగళి ఆకులు కొరుకుతూ పెరిగి సీతాకోక చిలుకవుతుంది. రెండు కొమ్మలు దానికి వదిలితే వంటింటికి వచ్చే నష్టం పెద్దగా ఉండదు. పేనుబంక కనబడగానే కషాయం కొట్టకుండా నాలుగు రోజులు ఆగితే అక్షింతల పురుగులు వచ్చి తినే అవకాశముంది. ఆగడానికి ఓపిక కావాలి, కొంత పంట పోగొట్టుకోవడానికి సిద్ధపడాలి.

ఇలా హింస తగ్గుతుంది, పోదు. రసాయన మందు కంటే కషాయం మేలు కావచ్చు. అగ్నాస్త్రం డబ్బా మీద అహింస అని రాయడం మాత్రం తప్పే.