నాబోతు పిత్రార్జితము

నాబోతు తన ద్రాక్షతోటను ఏల ఇయ్యనొల్లకపోయెనో, మట్టి విలువ యెరిగిన మీకు మేము వేరుగా చెప్పనక్కరలేదు. అమెరికాలోని నవాహో జనులకును అట్టి పిత్రార్జితమే యుండెను. 1863-64లో కిట్ కార్సన్ సేన వారి మొక్కజొన్న చేలను కాల్చి, పీచ్ చెట్లను నరికివేసెను. ఆకలికి లొంగిన కుటుంబములను, వృద్ధులను గర్భిణులను సయితము, సుమారు 300 మైళ్లు నడిపించి బోస్కె రెడోండోలో ఉంచిరి. పేకోస్ నది నీరు చవుటినీరు, పైరు పురుగుపాలాయెను, అనేకులు చనిపోయిరి.

ఆ సేనను పంపిన దేశములో అహాబు కథ ప్రతి గుడిలోను చదువబడుచునే యుండెను గదా! ఇదియే మమ్మును కలవరపరచుచున్నది. విని కూడ చేసిరి. మేమును వినువారమే.

1868 జూన్ 1న ఒడంబడిక జరుగగా వారు తిరిగి బయలుదేరిరి. దూరమున తమ కొండ శిఖరము కనబడగా, ఆ నేలతోనే మాటలాడవలెనని తమకు తోచెనని వారి నాయకుడు మాన్యుయెలిటో తరువాత చెప్పెను.