పచ్చబొట్టు – ప్రాయశ్చిత్తము

చేసిన కర్మ అనుభవింపక తీరదనువారును, పశ్చాత్తాపముచే పాపము క్షయించుననువారును ఈ దేశమున చిరకాలముగా వాదించుకొనుచున్నారు. ఆ వాదమెంత సూక్ష్మమైనదో తెలియగోరువారు నేడు మన నగరములలోని టాటూ దుకాణములందు జరుగు ఒక పనిని పరికించిన చాలును. ఒకనాటి మోహావేశమున ముంజేతిపై ఒక పేరు పొడిపించుకొన్న యువకుడు, ఆ పేరుగల మనిషి తన జీవితమునుండి తొలగిపోయిన వెనుక, దానిమీదనే వికసించిన పద్మమొకటి వేయింపగోరి అచ్చటికి వచ్చును. అతడు చేయబూనినది ప్రాయశ్చిత్తమా, లేక కేవలము ప్రచ్ఛాదనమా?

మన పల్లెలలో పూర్వము ఈ ప్రశ్నకు తావే యుండెడిది కాదు. జాతరలలోను వాకిళ్ళలోను ఎరుకల స్త్రీలు దీపపుమసిని ఆకుపసరుతో నూరి, సూదులతో పొడిచి, పైన పసుపద్దిన ఆ చుక్కలు కట్టెతో గాని కాలవని అందరెరుగుదురు. ప్రాణము పోయిన పిదప నగలన్నియు ఒలుచుకొన్నను పచ్చబొట్టొక్కటే వెంటవచ్చునని ముత్తైదువలు నమ్మిరి. చెరగకుండుటయే దాని మహిమ. శ్రీవైష్ణవులు భుజములపై తప్తశంఖచక్రములను ధరించుటయందును, ఛత్తీస్‌గఢ్ ప్రాంతపు రామనామీలలో కొందరు ఒడలెల్ల రామనామము పొడిపించుకొనుటయందును గల భావమొక్కటే: ఇచ్చినదానిని మరల తీసికొనుటకు వీలులేని విధముగా తన్ను తాను ఇచ్చివేయుట.

భక్తుడు కోరి ధరించిన ఈ చెరగనితనమునే రాజు శిక్షగా వాడుకొనెను. దొంగకు కుక్కపాదమును, మద్యపాయికి కల్లంగడి ధ్వజమును గుర్తులుగా వేయింపవలెనని మనుస్మృతి తొమ్మిదవ అధ్యాయము విధించినది. ఖైదీల నొసట నేరమును పొడిపించు ఆచారమును కంపెనీ ప్రభుత్వము 1849 వరకు మానలేదు. అయినను ఆ మనువే, విధ్యుక్తముగ ప్రాయశ్చిత్తము చేసికొనువారి నొసట రాజు గుర్తు వేయరాదనియు, వారికి దండుగ చాలుననియు అదే అధ్యాయమున చెప్పెను. పదునొకండవ అధ్యాయమున పాపవిముక్తికి మార్గములను పేర్కొనుచు, తాను చేసినదానిని తానే నలుగురికి చెప్పుకొనుటను మొట్టమొదట నిలిపెను. తన తప్పును తన నోటనే చెప్పుకొనువాని విషయమున నొసటి గుర్తుకు పనిలేదని దీని తాత్పర్యముగా నేను గ్రహించుచున్నాను.

ఇక పాత బొమ్మపై క్రొత్త బొమ్మ వేయు విధానము తత్త్వజిజ్ఞాసువులు తప్పక తెలిసికొనదగినది. చర్మపు పైపొర నిరంతరము రాలిపోవుచుండును. రంగు నిలుచునది దాని క్రింది పొరలో. అచ్చటి రక్షకకణములు ఆ రంగును మ్రింగి పట్టుకొనియుండును. ఒక కణము మరణించి విడిచిన రంగును మరియొక కణము అందుకొనుచున్నదని 2018లో ఫ్రాన్సు శాస్త్రజ్ఞులు ఎలుకలపై పరిశోధించి వెల్లడించిరి. పట్టుకొన్నది నశించుచున్నను పట్టుబడినది నిలిచియుండును. వాసనలు జన్మపరంపరలో సాగివచ్చునని మన దర్శనకారులు చెప్పినది ఇట్టి నిలుకడనే. క్రొత్త సిరా పాతదానిపై దుప్పటివలె పరచుకొనదు. అదే పొరలో చేరి దానితో కలిసి కంటికి కనబడును. కావుననే లేతరంగు ముదురురంగును మరుగుపరుపజాలదు. చిత్రకారుడు ముందుగా లేసరుచే పాతరంగును పలుచన చేయించియో, పాతదానికంటె పెద్దదియు చిక్కనిదియు నగు రూపమును ఎన్నుకొనియో, ఈ అక్షరపు వంపు ఏ రేకునకు అంచగును, ఆ కొమ్ము ఏ నీడలో కలియునని గీతగీతను పరిశీలించి గాని సూది పట్టడు. కప్పదలచినవాడు కప్పబడుదానిని అందరికంటె నిశితముగ చూడవలసియున్నది.

పతంజలి సమాధిపాదమున సమాధిజనితమగు సంస్కారము ఇతర సంస్కారములను అడ్డగించునని చెప్పి, తుదకు దానిని సైతము నిరోధింపవలెననెను. అనగా సత్కర్మచే దుష్కర్మను అణచినవానికి ఆ సత్కర్మయు ఒక ముద్రయే. బౌద్ధవాఙ్మయమున అంగుళిమాలుని కథ ఈ విషయమున కఠినసత్యమును తెలుపుచున్నది. అనేకుల జంపిన ఆ దొంగ బుద్ధుని శరణుజొచ్చి అర్హతుడైన తరువాతను, భిక్షకేగినపుడు ప్రజల రాళ్ళు తగిలి, తల పగిలి, పాత్ర బ్రద్దలై, చీవరము చినిగి మరలివచ్చెను. బుద్ధుడు ఆ దెబ్బలను ఆపలేదు, సహింపుమనెను. జ్ఞానికైనను ప్రారబ్ధము దేహపాతము వరకు తప్పదని వేదాంతులు చెప్పుటయు ఇందుకు విరుద్ధము కాదు. మారినవాడు మారుటయు నిజము, రాయి తగులుటయు నిజము.

ఒక్క భేదమును మాత్రము మరువరాదు. పరులు బలాత్కారముగ పొడిచిన గుర్తు మోయువానికి ప్రాయశ్చిత్తముతో నిమిత్తము లేదు. ఆ పాపము సూది పట్టినవానిది, దానిని కప్పుకొనుట మోయువాని హక్కు. తాను కోరి పొడిపించుకొన్నవాని మాట వేరు. పాత పేరు ఎన్నడును లేనట్లు లోకమును నమ్మింపజూచినచో అతనిది ప్రచ్ఛాదనమే; తన పశ్చాత్తాపమును ఆభరణముగ ధరించి తిరిగినచో ఆ పద్మము మరియొక బంధము. ఈ పద్మము క్రింద ఏమున్నదని ఎవరైన అడిగినపుడు దాచక, ఘనకార్యముగ చాటక, ఉన్నదున్నట్లు చెప్పగలవాడు ప్రాయశ్చిత్తము చేసికొన్నవాడు. ఆ ప్రశ్న వినినంతనే చేయి వెనుకకు తీసికొనువాడు, ఎంత చిక్కని రంగు వేయించుకొన్నను, ఆ పాత పేరునే ఇంకను మోయుచున్నాడు.