తప్పొప్పుల పట్టిక

పాత తెలుగు గ్రంథములలో మొదటనో చివరనో తప్పొప్పుల పట్టిక యొకటి యుండుట చదువరు లెఱిగినదే. పుట, పంక్తి, తప్పు, ఒప్పు అని దానిలో నాలుగు గడు లుండును. గ్రంథకర్త తన దోషములను దాచక లోకమునకు జూపుచున్నాడు గదా యని మేము చిన్ననాట నా పట్టికలను గౌరవముతో జూచెడివారము. ఇప్పుడు దానియందే మాకొక లోపము కానవచ్చుచున్నది. తప్పు చెప్పబడినది, ఒప్పు చెప్పబడినది, ఆ తప్పును గనిపెట్టినవా రెవరో చెప్పబడలేదు. అన్నింటిని గ్రంథకర్తయే కనిపెట్టి యుండునా? ప్రూఫులు దిద్దిన మిత్రుడో, అక్షరములు కూర్చినవాడో, పుస్తకమును గొని చదివి యుత్తరము వ్రాసిన యపరిచితుడో కొన్నింటినైన జూపియుండును. వాని కొఱకు అయిదవ గడి లేదు. ఆ లేని గడిని గూర్చియే యీ వ్యాసము.

మనుష్యుడు బ్రతుకుదెరువునకై చేయు పని యొకటి; ముచ్చటకై చేయు పని యొకటి. పద్యము లల్లువారు, పాట సాధించువారు, చిత్రములు వ్రాయువారు, పెరటిలో మొక్కలు పెంచువారు మనలో నెందఱో కలరు. ఈ పనులకు జీత మిచ్చు యజమాని లేడు, తనిఖీ చేయు నధికారియు లేడు. తోడివారే వారికి గురువులు, తోడివారే పరీక్షకులు. అట్టివారు గుమిగూడినచోట మనకు లభించు మాటలు మూడు విధములు. బాగున్న దనుట మొదటిది. బాగులేదనుట రెండవది. ఇచ్చట నిట్లు మార్చిన బాగుండుననుట మూడవది. మొదటి మాటకు వ్యయము లేదు. రెండవదానికిని అంతగా లేదు. మూడవ మాట చెప్పదలచినవాడు మాత్రము మన పనిని మనకంటె శ్రద్ధగా జూడవలెను. తన తెలివిని దానిపై వెచ్చింపవలెను. పైగా మన యలుకకు సిద్ధపడియుండవలెను.

ఇంత విలువగల మాటకు మన మిచ్చుచున్న ప్రతిఫల మేమి? పొగడినవానికి సభలో నమస్కరింతుము. నిందించినవానికి సభలోనే ప్రత్యుత్తర మిత్తుము. దిద్దినవాని మాటను మాత్ర మింటికి గొనిపోయి, తలుపు మూసికొని, రహస్యముగా వాడుకొందుము.

మన ప్రాచీన కావ్యముల యవతారికలను జూడుడు. ఇష్టదేవతాస్తుతి కలదు, పూర్వకవిస్తుతి కలదు, కుకవినింద కలదు, కృతిపతి వంశవర్ణనము కలదు. కావ్యమును విని, ఈ పదమిచ్చట నొప్పదని చెప్పిన మిత్రునికి స్తుతి సామాన్యముగా గానరాదు. మహాకవులకు గూడ నట్టి మిత్రులు లేకుండిరని మేము నమ్మజాలము. చెడ్డ విమర్శకునికి నాలుగు పద్యములు కేటాయించిన సంప్రదాయము మంచి విమర్శకుని మఱచుట వింతగా లేదా?

కృతజ్ఞుడను మాటకు చేసిన మేలు నెఱిగినవాడని యర్థము. ఎఱిగిన జాలునా, ఎఱిగింపవలెనా యనునదియే ప్రశ్న. అన్నము పెట్టినవారిని మనసులో దలచికొన్నను దోషము లేదు; ఆ యన్నమును మేమే వండితిమని లోక మనుకొనదు. దిద్దుబా టట్టిది కాదు. అది మన పనిలో గలిసిపోవును. మనము పలుకకున్నచో దాని కీర్తి తనంతట మన ఖాతాలో బడును. కావున నిచ్చట మౌనము మఱపు మాత్రమే కాదు. పరుల సొమ్మును దగ్గర నుంచుకొనుట.

ఈ సొమ్మును బహిరంగముగా దిరిగి యిచ్చినవారు లోకమున లేకపోలేదు. ఆక్స్‌ఫర్డు ఆంగ్లనిఘంటువునకు సంపాదకుడైన జేమ్స్ మఱ్ఱే 1879లో ఆంగ్లము చదువు ప్రజలందఱికి నొక విన్నపము ప్రకటించెను. పుస్తకములు చదివి, పదప్రయోగములను చీటీలపై వ్రాసి పంపుడని దాని సారాంశము. వేతనము లేకయే యెందఱో పంపిరి. వారిలో ఫిట్జెడ్వర్డ్ హాల్ అను నమెరికా పండితుని కథ మన దేశమునకును సంబంధించినది. ఆయన 1846లో, ఇల్లు విడిచి పాఱిపోయిన తమ్ముని వెదకికొనుచు గలకత్తాకు బయలుదేరి, యోడ పగిలి, యీ దేశమున జిక్కి, సంస్కృతము నేర్చి, కాశీలోని సంస్కృత కళాశాలలో నాచార్యుడయ్యెను. పిదప నింగ్లండు చేరి, పండితులతో గలహించి, యొక పల్లెలో నేకాకియై కాలము గడపెను. ఆ యేకాంతవాసి 1901లో మరణించువఱకు సుమారు ఇరువదియేండ్లు నిఘంటువు ప్రూఫులను గంటలకొలది దిద్ది పంపుచుండెను. మఱ్ఱేయు నాయనయు నెన్నడును ముఖాముఖి కలిసికొనలేదందురు. అయినను మఱ్ఱే తన పీఠికలలో నాయనను పేరెత్తి ప్రశంసించెను. పండితులతో బొసగని వృద్ధుని పేరు నేటికిని నిఘంటువును ముట్టినవారికి దెలియుచున్నదన్న, నది యా పీఠికల పుణ్యమే.

మన కాలపువాడైన డొనాల్డ్ నూత్ అను గణిత పండితుడు దీనినే వేఱొక రీతిని జేసెను. కంప్యూటరు శాస్త్రముపై నాయన వ్రాసిన మహాగ్రంథపు తొలి సంపుటము 1968లో వెలువడెను. తన గ్రంథములలో దప్పు గనిపెట్టిన ప్రతివానికిని రెండు డాలర్ల యేబదియాఱు సెంట్లకు చెక్కు వ్రాసి పంపుట యాయన నియమము. 256 అనునది యంత్రగణితమున జక్కని సంఖ్య. అందులకే యా మొత్తము. పొందినవారు పలువురు చెక్కును బ్యాంకున వేయక, పటము కట్టించి గోడకు దగిలించుకొనిరి. 2008లో బ్యాంకు మోసముల భయమున నాయన నిజమైన చెక్కులను మాని, లేని బ్యాంకు పేర ప్రశంసాపత్రములను బంప మొదలిడెను. వాని విలువ యావంతయు దగ్గలేదు. ధన మల్పము, ఈ తప్పును గనిపెట్టినవాడు వీడే యని గ్రంథకర్త చేవ్రాలుతో నొప్పుకొనుట యనల్పము.

పరుల కథలు చెప్పి మా కథ దాచుట న్యాయము గాదు. గోదావరి కాలువల నడుమ నున్న మా పట్టణమున నెల కొకసారి పద్యగోష్ఠి జరుగును. ఉపాధ్యాయులు, గుమాస్తాలు, ఇద్దఱు ముగ్గురు రైతులు వత్తురు. కొన్నియేండ్ల క్రిందట మేమందు గార్తికమాస వర్ణనము చదివితిమి. వేకువను కాలువపై దీపములు తేలుచుండ, గట్టు ప్రక్క పొలములో స్త్రీలు పాడుచు నారు నాటుచున్నారని పద్యము. యతిప్రాసలలో లోపము లేదు. సమాసములు మాకు దృప్తిగా నుండెను. సభ ముగిసి చెప్పులు తొడుగుకొనుచుండగా, గోష్ఠికి వచ్చు నొక రైతు భార్య మెల్లగా ననెను:

“కార్తీకంలో నాట్లేమిటండీ మాస్టారూ? అప్పటికి వెన్ను పాలుపోసుకొని, గింజ గట్టిపడి, చేను వంగిపోతుంది గదా!”

సంస్కృతమున ఋతువర్ణనము లెన్నియో పాఠము చెప్పిన మాకు మా యూరి పొలము తెలియకపోయెను. ఇంటికి బోయి పద్యము మార్చితిమి. కాలువపై దీపములను జూచి చేను తలవంచి మ్రొక్కుచున్నదని వ్రాసితిమి. మఱునెల నా పద్యమునకు సభ కరతాళధ్వనులు చేసెను. ఈ కవి పుస్తకములు చూచి కాదు, పొలము గట్టున నిలిచి వ్రాసినాడని యొక పెద్ద శ్లాఘించెను. మేము చేతులు జోడించితిమి. ఆమె వెనుక వరుసలోనే కూర్చుండియుండెను. ఆమె యేమియు ననలేదు. మేమును అనలేదు.

ఆమె యలిగెనని చెప్పలేము. గోష్ఠికి యథాప్రకారము వచ్చుచునే యుండెను. కాని మే మెప్పుడు పద్యము చదివి యెట్లున్నదని యడిగినను, “బాగుందండి” యని యొక్క మాట చెప్పి యూరకుండెను. పైని మూడు మాటలను లెక్కించితిమి గదా! మూడవదానిని బోగొట్టుకొని మొదటిదానితో మిగిలితిమి. దాని యర్థము మాకు దెలియుటకు రెండేండ్లు పట్టెను.

తుదకు గోష్ఠిలో నిలిచి జరిగినది జరిగినట్లు చెప్పితిమి. తలవంచిన చేను మా కన్ను చూచినది కాదనియు, ఆ తల్లి చూపి యిచ్చినదనియు, ఆమె పేరుతో బ్రకటించితిమి. ఆ దినమున నామె రాలేదు. పెద్దలలో గొందఱు నవ్విరి. మఱునెల మాత్ర మొక వింత జరిగెను. తొమ్మిదవ తరగతి బాలుడొకడు లేచి, ఒక పండితుని పద్యములో గర్త యేకవచనము, క్రియ బహువచనమని వణకుచు జెప్పెను. ఇంకొక గుమాస్తా మా పద్యములోనే పునరుక్తి చూపెను. వీరి కీ తెలివి యా నెలలో బుట్టినది కాదు. చెప్పిన నేమగునో యను సంకోచము కొంత తగ్గినది. బహిరంగ కృతజ్ఞత గడచిన మేలునకు ఋణవిముక్తి మాత్రమే కాదు. గుమ్మముకడ నిలిచిపోయిన వేఱొకనికి లోనికి రమ్మను పిలుపు.

ఇట్లు పొగడుచు బోయిన దప్పులు వెదకుటయే వృత్తిగా గలవారు బయలుదేరుదురని కొంద ఱందురు. నిజమే. కావున బొగడవలసినది పనికివచ్చిన దిద్దుబాటును. తప్పుపట్టిన ప్రతివానిని గాదు. ఫలాన పంక్తిలో ఫలాన మాట యిట్లుండెను, ఫలానవారు చెప్పగా నిట్లు మారినది యని చెప్పిన జాలును. వారు సరస్వతీ స్వరూపులనియు, మేము మందమతులమనియు విస్తరించితిమా, ఆ పొగడ్త మన వినయమునకు మనము వేసికొను పూలమాల యగును. తప్పొప్పుకొన్న గౌరవము పోవునని భయపడువారు మా వృత్తిలోను గలరు. నల్లబల్లపై తప్పు వ్రాసి, పిల్ల చెప్పినపుడు తుడిచివేసి యేమియు నెఱుగనట్లు సాగిపోవు నుపాధ్యాయుని, నా పిల్లయు జూచుచునే యున్నది; తరగతి యంతయు జూచుచునే యున్నది.

ఇక గృహముల మాట. భర్త సభలో జెప్పబోవు నుపన్యాసమును ముందు వంటయింటి గుమ్మమున నిలిచి వినిపించును. ఈ మాట నొచ్చును, తీసివేయుడని భార్య చెప్పును. సభ యాయన మృదుభాషిత్వమును మెచ్చుకొనును. ఆమె కూర్చిన మృదుత్వమున కామె పేరు లేదు. పులుసులో నుప్పెక్కువైనప్పుడు మాత్రము నలుగురు చుట్టముల యెదుట నామె పేరు వినబడును. తండ్రి కూడికలో దప్పు చూపిన కుమారునికి “పెద్దవాళ్లకు ఎదురు చెప్పకు” అను మాట బహుమానమగును. స్త్రీవిద్యను గూర్చి, బాలుర స్వేచ్ఛాలోచనను గూర్చి సభలలో మాటాడు మనము, చదివిన స్త్రీయు, ఆలోచించిన బాలుడును మన తప్పునే మొదట జూపుదురని యెఱిగి సిద్ధపడితిమా?

ఈ వ్యాసపు చిత్తుప్రతిని మా గృహిణి చదివెను. ఆ రైతు భార్య పేరు సభలో జెప్పుటకు ముందు మేము మర్యాదగా ననుమతి తీసికొంటిమని యందు వ్రాసియుంటిమి. ఎవరి యనుమతి యని యామె ప్రశ్నించెను. ఆమె భర్త యనుమతి యని చెప్పితిమి. “ఆవిడను అడగలేదా?” అనెను. మాకు మాట తోచలేదు. సభలో బేరు వినబడుట కొందఱికి సంతోషము, కొందఱికి సంకోచము. ఆ సంగతి యామెకే తెలియును. మా ప్రకటనము తరువాతను ఆమె మాతో “బాగుందండి” యనియే యేల యనుచున్నదో మాకిప్పుడు కొంత బోధపడినది. చిత్తుప్రతిలోని యా వాక్యమును గొట్టివేసితిమి. ఆ తప్పును గనిపెట్టినది మా గృహిణి. ఈ మాట యిచ్చట వ్రాయుట కామె సమ్మతించినది. రైతు భార్య పేరు మాత్రము వ్రాయలేదు. వచ్చు గోష్ఠిలో నామెనే యడుగుదుము.